మా కార్డు మేమే అచ్చు వేసుకున్నాం

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో, నరసాపురం దగ్గరి లేసు అల్లే మహిళల గ్రూపు తరఫున చేసిన ప్రసంగం)

 

మమ్మల్ని విజిటింగ్ కార్డుల గురించి మాట్లాడమన్నారు. మొదట మాకే నవ్వొచ్చింది. పొదుపు గురించో, వాయిదాల గురించో అయితే నాలుగు మాటలు చెప్తాం గానీ, ఇంత ముక్క కాగితం గురించి ఏం చెప్తామండీ అన్నాం. కానీ మొన్న ఎగ్జిబిషన్లో మా పక్క స్టాళ్ళ వాళ్ళు, పచ్చళ్ళ గ్రూపు, జంతికల గ్రూపు, కలంకారీ గ్రూపు అందరూ వచ్చి మా కార్డు తిప్పి తిప్పి చూసి, "ఇది ఎక్కడ వేయించారు, ఎంతయింది?" అని అడిగారు. ఇంట్లోనే వేసుకున్నాం అంటే నమ్మలేదు. అందుకని సీసీ మేడమ్ గారు "దాచుకోకుండా అందరికీ చెప్పండి, మీరు చేసిన తప్పులతో సహా చెప్పండి" అన్నారు. తప్పులంటారా, అవే మా దగ్గర ఎక్కువున్నాయి. వాటితోనే మొదలుపెడతాం.

మా ఊళ్ళలో లేసు పని తాతమ్మల నాటిది. దొరల కాలంలో మిషనరీలు నేర్పితే మొదలైందని పెద్దవాళ్ళు చెప్తారు. ఇంటి పని అయ్యాక అరుగు మీద కూర్చుని సూది, దారం పట్టుకోవడం మాకు చిన్నప్పటినుంచి అలవాటు. ఏజెంటు దారం ఇస్తాడు, నమూనా ఇస్తాడు, పని అయ్యాక లెక్కపెట్టి తీసుకెళ్తాడు, కూలి ఇస్తాడు. ఆ కుషన్ కవరు ఏ ఊరు వెళ్ళిందో, ఎవరింట్లో సోఫా మీద ఉందో మాకు తెలియదు. అది అల్లింది ఎవరో కొన్నవాళ్ళకి తెలియదు. 2024లో నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు వచ్చింది, చాలా సంతోషం. ఊరి పేరు పైకొచ్చింది. మరి అల్లినవాళ్ళ పేరు?

సమాఖ్య ద్వారా మొదటిసారి ఎగ్జిబిషన్‌కి వెళ్ళినప్పుడు ఈ సంగతి మాకు బాగా తెలిసొచ్చింది. గ్రూపు అప్పుతో సొంతంగా దారం కొని, డాయిలీలు, టేబుల్ క్లాత్‌లు, కుషన్ కవర్లు అల్లి పట్టుకెళ్ళాం. ఒకావిడ పావుగంట సేపు చూసి, రెండు కొని, "ఇలాంటివి ఇంకో పన్నెండు కావాలి, మీ కార్డు ఇవ్వండి, ఇంటికెళ్ళి కొలతలు చెప్తాను" అంది. మా దగ్గర కార్డు లేదు. పాత బిల్లు వెనకాల నంబరు రాసి ఇచ్చాం. ఆవిడ ఫోన్ చేయలేదు. ఆ చీటీ ఎక్కడో పడిపోయుంటుంది. అలా ఆ వారం రోజుల్లో ఎన్ని చీటీలు రాశామో. ఒక్కటీ తిరిగి పలకలేదు.

తిరిగొచ్చాక మీటింగు పెట్టుకుని, కార్డులు వేయించాలని మినిట్స్ పుస్తకంలో తీర్మానం రాసుకున్నాం. టౌన్లో ఒక ప్రెస్సుకి వెళ్తే, వెయ్యికి తక్కువ వేయం అన్నారు. వెయ్యికి ఏడు వందలు. సరే అన్నాం. కంప్యూటర్ మీద చూపించి "చూసుకోండమ్మా, అంతా కరెక్టేనా?" అని అడిగారు. రంగు బాగుంది, పువ్వు బాగుంది, బాగుందండీ అనేసి వచ్చేశాం. మెరిసే కార్డులు, అట్టపెట్టెలో పెట్టి ఇచ్చారు. పెళ్ళి శుభలేఖలు తెచ్చుకున్నంత సంబరం. తర్వాతి ఎగ్జిబిషన్లో అడిగినవాళ్ళకి, అడగనివాళ్ళకి కూడా పంచాం.

నెల అయింది, ఒక్క ఫోన్ లేదు. రెండో నెలలో మా గ్రూపు సభ్యురాలి కొడుకు సరదాకి కార్డు మీద నంబరుకి కొట్టాడు. ఎవరో ఆటో ఆయన ఎత్తాడు. "బాబూ, లేసు కావాలని నాకు రోజూ ఫోన్లేనయ్యా. మాది లేసు కాదు, ఆటో అని చెప్పలేక చస్తున్నా" అన్నాడట. చూసుకుంటే నంబరులో 6 ఉండాల్సిన చోట 9 పడింది. దానికి తోడు "అల్లికలు" అన్న మాటలో ఒత్తు విడిపోయి పక్కన పడింది. అప్పటిదాకా మాలో ఒక్కరమూ గమనించలేదు.

ఆ రాత్రి మా గ్రూపులో కొందరు ఏడ్చారండీ. ఏడు వందలు పోయినందుకు కాదు. ఆ దారం అప్పు తెచ్చి కొన్నది. సరుకు బీరువాలో ఉంది, వాయిదా నెత్తిమీద ఉంది, కావాలన్నవాళ్ళు ఫోన్లు చేస్తూనే ఉన్నారు, ఆ ఫోన్లు మాకు రావడం లేదు. ప్రెస్సు వాళ్ళని అడిగితే "మీరు చూసి ఓకే అన్నారుగా" అన్నారు. కోపం వచ్చింది గానీ, ఆ మాట నిజమే. పంచసూత్రాల్లో పుస్తక నిర్వహణ అని రోజూ చెప్పుకుంటాం. పొదుపు పుస్తకంలో పది రూపాయలు తేడా వస్తే పట్టుకునే మేము, కార్డు మీద పది అంకెలు చదవలేదు.

పొరపాటు ఎంత చిన్నదైనా వెయ్యి కార్డుల మీద పడితే వెయ్యి పొరపాట్లు. అదే పది కార్డుల మీద పడితే ఒక్క కాగితం పోతుంది. అందుకే ఇంట్లో వేసుకుందాం అనుకున్నాం. మా రెండో లీడరు ఇంట్లో వాళ్ళబ్బాయి ఆన్‌లైన్ దరఖాస్తుల పనికి కొన్న ఇంకు ట్యాంకు ప్రింటరు ఉంది. ఇంకు ఖర్చు గ్రూపు ఇచ్చేలా మాట్లాడుకున్నాం.

ప్రింటరు కంటే ముందు ఇంకో తగువు వచ్చింది. కార్డు మీద ఎవరి పేరు వేయాలి, ఎవరి నంబరు వేయాలి?

ఒకరు "మా ఆయన నంబరు వేద్దాం, ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది" అన్నారు. ఇంకొకరి అత్తగారు "ఆడదాని నంబరు ఊరంతా పంచుతారా?" అని కేకలేశారు. ఆవిడ భయం ఊరికే వచ్చింది కాదు. వేళగాని వేళ ఫోన్ చేసి పిచ్చి మాటలు మాట్లాడేవాళ్ళు ఉంటారు. ఇక్కడ కూర్చున్న అక్కల్లో చాలామందికి ఆ అనుభవం ఉండే ఉంటుంది. అలాగని మగవాళ్ళ నంబరు వేస్తే, కొనేవాళ్ళు అడిగిన దానికి వాళ్ళు జవాబు చెప్పలేరు. ధర వాళ్ళు ఒప్పుకుంటారు, కష్టం మనం పడతాం. మళ్ళీ ఏజెంటు కథే ఇంటికొచ్చినట్టు.

మూడు మీటింగులు ఇదే మాట్లాడుకున్నాం. చివరికి గ్రూపుకని ఒక సిమ్ తీసుకుని, పాత ఫోన్లో వేశాం. ఆ ఫోను వారానికి ఒకరి దగ్గర ఉంటుంది. పొద్దున 10 నుంచి సాయంత్రం 6 దాకానే ఎత్తుతాం, కార్డు మీద కూడా అదే రాశాం. వచ్చిన ప్రతి ఫోనూ ఒక నోటు పుస్తకంలో రాస్తాం. పిచ్చి కాల్ వస్తే ఆ నంబరు బ్లాక్ చేసి, అదీ పుస్తకంలో రాస్తాం. ఒక్కరి మీద పడే భయం పన్నెండు మందికి పంచుకుంటే తేలికైంది.

ఇక పేరు. కార్డు మీద పైన గ్రూపు పేరు, కింద ఊరు, మండలం, పిన్ కోడ్ వేశాం. ఇంటి నంబరు వేయలేదు, అవసరం లేదు. మధ్యలో "అల్లినవారు:" అని వేసి, పక్కన ఖాళీ గీత వదిలేశాం. ఏ ముక్క ఎవరు అల్లితే, ఆ గీత మీద వాళ్ళే పెన్నుతో పేరు రాస్తారు. ఆ కార్డుకి చిల్లు పెట్టి, మిగిలిపోయిన లేసు దారంతో కడతాం. దారం ఎప్పుడూ వృథాయే, ఇప్పుడు దానికీ పని దొరికింది.

ఇప్పుడు ఎలా చేశామో చెప్తాం. రాసుకునేవాళ్ళు రాసుకోండి.

మొదటిది, కొలత. మామూలు కార్డు మూడున్నర అంగుళాల పొడవు, రెండు అంగుళాల వెడల్పు. ఏ4 కాగితం మీద అడ్డంగా రెండు, నిలువుగా అయిదు, మొత్తం పది పడతాయి. నాలుగు పక్కలా అర అంగుళానికి పైనే అంచు మిగులుతుంది. ఇంటి ప్రింటర్లు చాలావరకు కాగితం అంచు దాకా అచ్చు వేయవు కాబట్టి ఆ అంచు కావాలి.

రెండోది, రాత. ఫోన్లోనే కాన్వా యాప్‌లో చేసుకోవచ్చు, కంప్యూటర్ ఉంటే వర్డ్‌లోనూ చేసుకోవచ్చు. తెలుగు మాత్రం యూనికోడ్ ఫాంటులోనే కొట్టండి. ఫోన్లో మనం వాట్సాప్‌కి కొట్టేది యూనికోడే. మండలి, గిడుగు, రామభద్ర లాంటి తెలుగు ఫాంటులు ఉచితంగానే దొరుకుతాయి. కొన్ని పాత ఫాంటుల్లో కొట్టిన ఫైలు ఇంకో కంప్యూటర్లో తెరిస్తే అక్షరాలు గజిబిజి అవుతాయి. పని అయ్యాక ఫైలు పీడీఎఫ్‌గా దాచుకోండి. అప్పుడు ఎక్కడ తెరిచినా అక్షరం చెదరదు. ఇంకో మాట, ఇంగ్లీషు అక్షరం చిన్న సైజులో కూడా చదవొచ్చు గానీ, మన అక్షరాలకి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి. మరీ చిన్నగా వేస్తే అన్నీ కలిసిపోయి మచ్చలా కనిపిస్తాయి. 9 పాయింట్ల కంటే తగ్గించకండి. పట్టకపోతే మాటలు తగ్గించండి. మేము మొదట పద్నాలుగు రకాల వస్తువుల పేర్లు వేశాం. ఇప్పుడు "చేతి లేసు అల్లికలు, ఆర్డరుపై చేయబడును" అని ఒక్క లైను ఉంది.

మూడోది, బొమ్మ. కార్డు నిండా లేసు ఫోటో వేయాలని మాకు మహా ఆశ. వేసి చూస్తే ఇంకు తాగేసింది, లేసు బూడిద మచ్చలా పడింది. దానికి తోడు కోత కొంచెం పక్కకి పోయినా తెల్లగా కనిపిస్తుంది. తెల్ల కార్డు తెల్లగానే వదిలేసి, ఒక మూల చిన్న గీతల పువ్వు వేశాం. ఇంకు మిగిలింది, కోత తేడా కనబడలేదు. అక్షరాలు కూడా కార్డు అంచుకి దగ్గరగా రాకుండా కనీసం 4 మిల్లీమీటర్లు లోపలికి ఉంచుకోండి.

జీఐ గుర్తు బొమ్మ కూడా వేద్దామని మాలో కొందరు అన్నారు. అడిగి తెలుసుకున్నాం. ఆథరైజ్డ్ యూజర్‌గా పేరు నమోదు చేసుకున్నవాళ్ళే ఆ గుర్తు వాడాలి. నమోదు అయ్యేదాకా వేయకూడదు. మనది అసలు నరసాపురం లేసే అయినా సరే, కాగితం లేకుండా వేస్తే మనమే తప్పు చేసినవాళ్ళం అవుతాం.

నాలుగోది, క్యూఆర్. ఫోన్‌పే క్యూఆర్ వేస్తే బాగుంటుందని అనుకున్నాం. కానీ గ్రూపు ఖాతా ఇద్దరి సంతకాలతో నడిచేది, దానికి అలాంటి క్యూఆర్ మాకు రాలేదు. వేస్తే ఒక్కరి సొంత ఖాతాది వేయాలి. ఇవాళ మా మధ్య నమ్మకం ఉంది, రేపూ ఉండాలి కదండీ. అందుకని డబ్బుల క్యూఆర్ కార్డు మీద వేయలేదు. వాట్సాప్ బిజినెస్ అని ఉచిత యాప్ ఉంది. అందులో మన వస్తువుల ఫోటోలు, ధరలు పెట్టుకోవచ్చు. దాని క్యూఆర్ వేశాం. స్కాన్ చేస్తే మా గ్రూపు చాట్ తెరుచుకుంటుంది. క్యూఆర్ తెల్ల నేల మీద నల్లగా, ముప్పావు అంగుళానికి తగ్గకుండా, చుట్టూ ఖాళీ వదిలి వేయండి. మూడు నాలుగు ఫోన్లతో పరీక్ష చేయండి. యాప్‌లో ఆ క్యూఆర్‌ని రీసెట్ చేసే మీట ఉంటుంది, పిల్లల చేతిలో ఫోన్ పెట్టకండి. అది నొక్కితే అప్పటిదాకా పంచిన కార్డుల మీద క్యూఆర్ పనిచేయదు.

అయిదోది, కాగితం. మామూలు జెరాక్స్ కాగితం 70, 75 జీఎస్ఎం ఉంటుంది, కార్డుకి పనికిరాదు. మేము 220 జీఎస్ఎం మ్యాట్ కాగితం వాడుతున్నాం. మెరిసే కాగితం మీద మొదట వేశాం. చూడ్డానికి బాగుంది, కానీ గీత మీద పెన్నుతో పేరు రాస్తే జారిపోయింది, చెరిగిపోయింది. పేరు నిలవని కార్డు మాకెందుకు? అందుకే మ్యాట్. దళసరి కాగితాలు ప్రింటరు వెనక ట్రే నుంచి ఒక్కొక్కటే పెట్టండి. అన్నీ ఒకేసారి పెడితే ఇరుక్కుంటాయి. ప్రింటు ఇచ్చేటప్పుడు "యాక్చువల్ సైజ్" అని ఎంచుకోండి. "ఫిట్ టు పేజ్" ఎంచుకుంటే కార్డు కొలత మారిపోతుంది.

ఆరోది, మాకు గట్టి దెబ్బ తగిలింది ఇక్కడే. వానాకాలంలో ఒక టేబుల్ క్లాత్‌కి నీలం రంగు అక్షరాల కార్డు కట్టి బీరువాలో పెట్టాం. చెమ్మకి కార్డు రంగు దిగి, తెల్ల లేసు మీద మరక పడింది. అది అల్లడానికి ఇరవై రోజులు పట్టింది. ఉతికినా పూర్తిగా పోలేదు. కొన్ని ప్రింటర్ల రంగు ఇంకు నీళ్ళు తగిలితే కారుతుంది. కాబట్టి మొదటి కార్డు బాగా ఆరాక, తడి వేలితో రాసి తెల్ల గుడ్డకి అద్ది చూడండి. అంటితే ఆ ఇంకు వద్దు. మా ప్రింటర్లో నల్ల ఇంకు నిలిచింది, అందుకే ఇప్పుడు అంతా నలుపే. అయినా కార్డుని లేసుకి తగలకుండా, ప్లాస్టిక్ కవరు బయట కడుతున్నాం. పచ్చళ్ళ గ్రూపు అక్కలూ, మీకు నూనె, చెమ్మ రెండూ ఉంటాయి కాబట్టి లేజర్ ప్రింటు చేయించుకుంటే మేలు. దాని పొడి నీళ్ళకి కారదు.

ఏడోది, కోత. కత్తెరతో కోస్తే వంకర పోతుంది. కింద దళసరి అట్ట వేసి, స్టీలు స్కేలు గట్టిగా అదిమి పట్టి, కట్టర్‌తో రెండు మూడు సార్లు తేలిగ్గా గీయండి. ఒకేసారి బలంగా లాగితే కాగితం చిరుగుతుంది, వేలు తెగుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది చివర చెప్తున్నాం. దళసరి కాగితం మీద వేసే ముందు మామూలు కాగితం మీద ఒకటి వేస్తాం. దాన్ని మీటింగులో పైకి చదువుతాం. ఒకరు అంకె అంకె చదువుతారు, ఇంకొకరు ఆ అచ్చు చూసి ఫోన్ కొడతారు. మన గ్రూపు ఫోను అక్కడే మోగాలి. మోగితేనే ఇద్దరు లీడర్లూ సంతకం పెడతారు, ఆ కాగితం ఫైలులో ఉంటుంది. చదువు రాని అక్క కూడా ఈ పరీక్షలో ఉంటుంది, ఎందుకంటే ఫోను మోగిందో లేదో వినడానికి చదువక్కర్లేదు.

ఖర్చు లెక్క దాచకుండా చెప్తాం. ఇరవై కాగితాల ప్యాకెట్టు మాకు 220 రూపాయలు పడింది, అంటే కాగితం 11 రూపాయలు. ఇంకు దాదాపు నాలుగు రూపాయలు అనుకున్నాం. పదిహేను రూపాయలకి పది కార్డులు, అంటే కార్డు రూపాయిన్నర. ప్రెస్సులో కార్డు 70 పైసలే. లెక్కకి ప్రెస్సే చవక. కానీ మాకు ఒకేసారి వెయ్యి అక్కర్లేదు. అవసరానికి యాభై వేసుకుంటాం. ఫోన్ టైము మారింది, రెండు సార్లు మార్చుకున్నాం, కార్డులు పారేయలేదు. మీ నంబరు, వివరాలు ఏడాది పాటు మారవు, వెయ్యి కావాలి అనుకుంటే ప్రెస్సుకే వెళ్ళండి. మీ పీడీఎఫ్ మీరే చేసి పట్టుకెళ్ళండి, ఫోన్ కొట్టి చూశాకే ఓకే అనండి.

ఈ కార్డుతో మా బతుకులు మారిపోయాయని మేము చెప్పం. ఇప్పటికీ మా పనిలో ఎక్కువ భాగం ఏజెంటుకే వెళ్తుంది. ఒకసారి కార్డు కట్టి ఇస్తే, మా కళ్ళముందే దారం తెంపి, కార్డు మా చేతిలో పెట్టి "ఇవన్నీ మాకొద్దమ్మా" అన్నాడు. కూలి పని కాబట్టి ఏమీ అనలేకపోయాం. కానీ గ్రూపు సొంత సరుకుకి మాత్రం కార్డు కట్టకుండా ఒక్క ముక్క బయటికి వెళ్ళదు. ఫోన్ పుస్తకంలో రాత పెరుగుతోంది. దారం అప్పు వాయిదాలు తప్పకుండా కడుతున్నాం.

ఒక్క సంగతి చెప్పి ముగిస్తాం. మా గ్రూపులో అందరికంటే పెద్దావిడ ఉన్నారు. గ్రూపులో చేరినప్పుడు వేలిముద్ర. తర్వాత సంతకం నేర్చుకున్నారు, కానీ అది బ్యాంకు కాగితాలకి మాత్రమే. కార్డు మీద పేరు రాయమంటే "నా పేరు ఎవరిక్కావాలమ్మా" అని మూడు రోజులు రాయలేదు. నాలుగో రోజు గుండ్రంగా, మెల్లగా రాశారు. రెండు నెలల తర్వాత ఒక ఫోన్ వచ్చింది. "మీ దగ్గర ఇంతకుముందు ఒక టేబుల్ క్లాత్ కొన్నాం. మా అమ్మాయి పెళ్ళికి ఇంకోటి కావాలి. కార్డు మీద పేరున్న ఆవిడే అల్లాలి" అని అడిగారు. ఫోన్ ఆ వారం వేరే వాళ్ళ దగ్గరుంది. వాళ్ళు పరుగెత్తుకెళ్ళి ఆవిడ చేతికిచ్చారు. ఆవిడ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని "ఆఁ, నేనేనండీ" అన్నారు. అంతకంటే ఏమీ మాట్లాడలేదు. ఆర్డరు వివరాలు మేమే రాసుకున్నాం.

సమాఖ్య పెద్దలకి మాది ఒకటే విన్నపం. మండల సమాఖ్య ఆఫీసులో ఒక మంచి పేపర్ కట్టరు, ఒక లేజర్ ప్రింటరు ఉంచితే, ప్రతి గ్రూపూ తలా ఒకటి కొనక్కర్లేదు, వాడుకున్నంత డబ్బు కట్టుకుంటాం. నేర్చుకోవాలనుకునే గ్రూపులు మా ఊరు రండి, ఒక్క పూటలో నేర్పిస్తాం, టీ మాది, కాగితం మీది.